బ్రమాంటె గీసింది సగమే

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం సంచికలో రోమ్‌లోని సెయింట్ పీటర్స్ చర్చి ప్లాను అచ్చువేసి, దాన్ని గీసిన వాస్తుశిల్పి పేరుతో కింద "బ్రమాంటె గోధుమరంగు సిరాతో గీసిన బ్లూప్రింట్" అని రాశారు. ఐదొందల ఏళ్ల కిందటి గీతపనికి అరపేజీ చోటిచ్చారు, సంతోషం. కానీ ఆ ఒక్క ముక్కలోనే రెండు తప్పులు దొర్లాయి. బొమ్మలో ఇంకోటి ఉంది. అదే పెద్దది కాబట్టి ముందు దాని సంగతి.

ఆ బొమ్మ అసలు ప్రతి ఫ్లోరెన్స్‌లో, ఉఫీజి మ్యూజియం డ్రాయింగుల విభాగంలో 1ఎ నంబరుతో ఉంది. అది కాగితం కాదు, చర్మపత్రం. దాని మీద ఉన్నది సగం ప్లానే. గుమ్మటాన్ని మోయాల్సిన నాలుగు మహాస్తంభాల్లో రెండే కనిపిస్తాయి. గుమ్మటం వలయం సరిగ్గా నడిమికి తెగి ఆగిపోతుంది. మీ పేజీ కూర్చినవారు ఆ సగాన్ని అద్దంలో నీడలా తిప్పి, పక్కన అతికించి, నాలుగు చేతులూ సమానంగా ఉన్న సిలువ కట్టడం చేసేశారు. చాలా పుస్తకాల్లోనూ ఇదే చేస్తారు కనుక నింద మీ ఒక్కరి మీదే వెయ్యం.

ఇందులో నష్టమేమిటంటే, రెండో సగం ఎలా ఉండాలన్నదే అసలు తగాదా. 1506 ఏప్రిల్ 18న పునాదిరాయి వేసిన ఆ కట్టడాన్ని బ్రమాంటె నాలుగు పక్కలా సమానంగా తలచాడా, ఒక చెయ్యి పొడవుగా సాగిన సిలువగా తలచాడా అని పండితులు నేటికీ వాదించుకుంటున్నారు. తర్వాత ఆ పనిలోకి వచ్చిన ఆంతోనియో ద సంగాల్లో చర్మపత్రం వెనక, ఇది బ్రమాంటె చేతి ప్లాననీ, అమలు కాలేదనీ రాసిపెట్టాడు. పునాది నాటి పతకం మీద చర్చి ఎదురుముఖం ఉంది గానీ, ముందు నుంచి చూసిన బొమ్మ లోతు ఎంతో చెప్పదు. చివరికి 17వ శతాబ్దం మొదట్లో కార్లో మాదెర్నో ముందువైపు పొడుగు మండపం చేర్చాడు కాబట్టి, ఇప్పుడు రోమ్ వెళ్లినవాళ్లకు కనిపించేది పొడుగు చెయ్యి ఉన్న సిలువే. మీ పేజీలో ఆ తగాదా కత్తెరతో తీరిపోయింది.

అదే మ్యూజియంలో 20ఎ అని మరో డ్రాయింగు ఉంది. గళ్లు గీసిన కాగితం మీద ఎర్ర సుద్దతో, పాత చర్చి గోడల మీదే కొత్త గోడల ఆలోచన, ఒకదానిపై ఒకటి పడి గందరగోళంగా ఉంటుంది. పక్కపక్కన పెట్టి చూస్తే సంగతి తెలుస్తుంది. 20ఎలో ఆలోచన ఇంకా నడుస్తోంది. 1ఎ మాత్రం కట్టించే పెద్దమనిషి ముందు పరచడానికి శుభ్రంగా దిద్దిన ప్రతి. మన దగ్గర సంబంధం కుదిరాక రాయించే శుభలేఖ లాంటిది అది. పెళ్లి మాటలు ఎలా నడిచాయో శుభలేఖలో దొరకవు.

ఇక "బ్లూప్రింట్". ఆ పద్ధతి పుట్టింది 1842లో, ఇంగ్లండులో జాన్ హెర్షెల్ చేతిలో. ఇనుప లవణాలు పూసిన కాగితం మీద ట్రేసింగు పెట్టి ఎండలో ఉంచి నీళ్లలో కడిగితే, నీలం నేల మీద తెల్ల గీతలు తేలతాయి. బ్రమాంటె పోయింది 1514లో. మన ఇంజనీరింగు ఆఫీసుల్లో చాలాకాలం బ్లూప్రింటు అని పిలిచిన అమ్మోనియా ప్రింటు కూడా నిజానికి బ్లూప్రింటు కాదు. అది తెల్ల నేల మీద నీలి గీత.

"గోధుమరంగు సిరా" అన్నది మన్నించదగ్గ తప్పు, ఎందుకంటే ఇప్పుడు కంటికి కనిపించేది ఆ రంగే. ఆ రోజుల్లో గీతపనికి ఎక్కువగా వాడింది మాచికాయలూ అన్నభేదీ (ఇనుప లవణం) కలిపిన సిరా. గీసినప్పుడు బూడిదరంగులో ఉంటుంది, గాలి తగిలి ఒకటి రెండు రోజుల్లో నల్లబడుతుంది, వందల ఏళ్లకు తుప్పురంగుకు దిగుతుంది. అంటే గీసినవాడు చూసింది నల్లగీతే అయి ఉండాలి, మనం చూస్తున్నది దాని ముసలితనం. కట్టెల మసి నుంచి తీసిన బిస్టర్ అనే నిజమైన గోధుమరంగు కూడా వాళ్లకు ఉండేది. దాన్ని ఎక్కువగా నీడల పూతకు వాడేవారు. రెంటినీ అచ్చుబొమ్మలో వేరుచెయ్యడం కష్టం. అసలు కాగితం చేతిలో ఉంటే, గీత వెనకవైపుకి దిగిందా, గీత చుట్టూ లేత గోధుమ మచ్చ కమ్మిందా, సిరా దట్టంగా పడ్డచోట కాగితం పగిలిందా అని చూడాలి. ఇవి ఉంటే అది అన్నభేది సిరా.

ఈ సిరా మన నేలకు కొత్తది కాదు. వాళ్ల మాచికాయ చేసిన పని మన దగ్గర కరక్కాయ చేస్తుంది. కలంకారీ అద్దకంలో గుడ్డకు కరక్కాయ పట్టించి ఇనుప కసిమితో (ఇనుము ఊరిన నీటితో) నలుపు తీసేదీ ఈ వగరుకీ ఇనుముకీ ఉన్న పొత్తు వల్లే. స్కూళ్లలో డ్రాయింగు మాస్టార్లు పిల్లల చేత చేయించదలిస్తే ఇదిగో కొలత. గింజ తీసేసిన ఎండు కరక్కాయ పెచ్చు 60 గ్రాములు కచ్చాపచ్చాగా దంచి, అర లీటరు వాననీటిలో ఒక రోజు నానబెట్టాలి. డెల్టాలో బోరునీళ్లు చాలాచోట్ల ఉప్పగానో ఇనుపడాగుతోనో ఉంటాయి, అవి వద్దు. సన్నమంట మీద నీరు సగానికి పైగా ఇగిరి 200 మిల్లీలీటర్లు మిగిలేదాకా కాచి, పాతపంచె ముక్కలో వడకట్టాలి. పాత్ర మట్టిదో గాజుదో ఉండాలి. ఇనుప మూకుడులో కాస్తే కొలతకు అందని ఇనుము దిగుతుంది. అన్నభేది 8 గ్రాములు కొద్ది గోరువెచ్చని నీటిలో కరిగించి పోయాలి. పలుకులు లేత ఆకుపచ్చగా ఉండాలి, పసుపు పొడి పట్టినవైతే అది పాడైన సరుకు. 8 గ్రాముల తుమ్మజిగురు ముందురోజు రాత్రి నానబెట్టి, వడకట్టి కలపాలి. బూజు పట్టకుండా రెండు లవంగాలు వెయ్యండి.

చాలామంది చెడగొట్టేది ఇక్కడే. గీత ఇంకా నల్లగా రావాలని అన్నభేది రెండింతలు వేస్తారు. నలుపు వెంటనే వస్తుంది, నిజమే. కానీ కరక్కాయ వగరుతో కలవకుండా మిగిలిపోయిన ఇనుము కాగితపు పోగుల్ని పట్టుకుంటుంది. సిరాలో పుట్టే ఆమ్లం ఆ పోగుల్ని తెంపుతుంది, ఇనుము గాలితో కలిసి కాలుస్తుంది. గీత ఉన్నచోటే కాగితం రాలి, అక్షరం ఆకారంలో కన్నం పడుతుంది. జిగురు తక్కువైతే సిరా నీళ్లలా పారి పాకుతుంది. ఎక్కువైతే పాళీ నుంచి దిగదు, ఆరాక మెరుస్తూ పెచ్చులూడుతుంది.

ఇప్పుడు గీత దగ్గరకు వద్దాం, అచ్చులో పూర్తిగా మాయమయ్యేది అదే. ఆ కాలపు భవన చిత్రాన్ని కిటికీ పక్కన పెట్టి, వెలుతురు ఏటవాలుగా పడేలా వంచి చూస్తే సిరా లేని గీతలు బోలెడు కనిపిస్తాయి. లోహపు మొన ఉన్న పుల్లతో ముందు కాగితాన్ని నొక్కి గీసిన గాడులు అవి. తాటాకు మీద గంటంతో రాసిన అక్షరం మసి పూయకముందు ఎలా ఉంటుందో సరిగ్గా అలా. మనవాళ్లు ఆ గాడిలో మసి దించేవారు, వాళ్లు ఆ గాడి పక్కనో పైనో ఈకకలం నడిపేవారు. నడిమి గీత, స్తంభాల వరసలు, కమానుల మధ్యబిందువులు అన్నీ ముందు గాడులుగానే పడతాయి. తప్పైతే సిరా వెయ్యరు, అంతే. చెరపాల్సిన పని ఉండదు. కంపాస్ ముల్లు దిగిన చిన్న కన్నాలు కూడా అలాగే కనిపిస్తాయి. ఒక కాగితం మీద మూలమూలకీ సూదిపోట్లుండి, ఆ పోట్లకు తగిన వృత్తాలు లేకపోతే, అది మరో డ్రాయింగును పైన పెట్టి పొడిచి తీసిన నకలని అనుమానించాలి.

కలం పెద్దబాతు రెక్క ఈక. కుడిచేతివాటం వాళ్లకు ఎడమ రెక్క ఈక వంపు అనువుగా ఉంటుంది. కాడను వేడి ఇసుకలో గుచ్చి గట్టిపరిచి, ఏటవాలుగా కోసి, మొనకు చీలిక ఇస్తారు. మన పొలాల్లో తిరిగే మామూలు బాతు ఈక కాడ సన్నం, పది గీతలకే మొన చీలిపోతుంది. పెద్దబాతు ఈక దొరక్కపోతే కొల్లేరు వైపు కిక్కస కాడ తెచ్చుకుని కోసుకోండి. గీత లావుగా వస్తుంది గానీ చెయ్యి తిరుగుతుంది. రూళ్లకర్ర పెట్టి గీసేటప్పుడు అంచు కాగితానికి ఆనితే సిరా కిందికి జారి మరక అవుతుంది. కర్ర అడుగున రెండు చివరలా ఒక్కో అట్టముక్క అంటించి, అంచును కాస్త పైకి లేపితే ఆ బాధ ఉండదు.

ప్లానులో గోడ తెగినట్టు చూపేచోట వేసే నీటిపూతకు (పల్చని రంగుకు) పలకను కాస్త ఏటవాలుగా పెట్టాలి. కుంచె నిండా రంగు తీసుకుని, పై అంచున తడి బొట్టు ఒక వరసగా నిలిచేలా చేసి, ఆ బొట్టును కిందికి లాగుతూ రావాలి. అడుగున మిగిలిన నీటిని ఆరిన కుంచెతో పీల్చెయ్యాలి. వెనక్కి వెళ్లి దిద్దారా, మచ్చ ఖాయం. మన దగ్గర మే నెలలో పూత సగంలోనే ఆరి అంచు గట్టిపడుతుంది కాబట్టి తెల్లవారుజామున వెయ్యాలి. శ్రావణ భాద్రపదాల్లో అసలు ఆరదు, మడుగు కట్టి కాగితం ఉబ్బుతుంది. వానాకాలం చెమ్మకు కాగితం మీద ఉన్న సరేసు పట్టు కూడా తగ్గి గీతలు బొచ్చుగా పాకుతాయి. గుడ్డపీలికల కాగితానికి జంతు సరేసు పట్టించేది ఆ పాకుడు ఆపడానికే. ఇప్పటి చవక డ్రాయింగు షీట్లలో అది నామమాత్రం. వెనక మూల ఒక గీత గీసి చూసుకోకుండా షీటు మొదలుపెట్టవద్దు.

1ఎలో పూత వేసిన భాగాలను కాసేపు చూడండి. స్తంభమంటే మనం చదరమో గుండ్రమో అనుకుంటాం. ఆయన స్తంభాలు గూళ్లు తొలిచిన దిమ్మల్లా, అరటిబోదెను నాలుగువైపులా చెక్కినట్టు ఉంటాయి. ఖాళీ జాగా ఆకారాన్ని ముందు నిర్ణయించి, మిగిలినదాన్ని గోడగా వదిలిన చెయ్యి అది. చూపుకి అద్భుతం. బరువుకి మాత్రం చాలలేదు. ఆ గుమ్మటం మోయడానికి తర్వాతివాళ్లు స్తంభాలను లావు చేస్తూ పోవాల్సి వచ్చింది. గుమ్మటం పూర్తయింది 1590లో, అదీ మైకెలాంజెలో పోయిన 26 ఏళ్లకు. ప్లాను ఒక్కటే చూసి కట్టడాన్ని తూచకూడదని చెప్పడానికి ఇంతకు మించిన సాక్ష్యం అక్కర్లేదు.

ఈ ఇబ్బంది వాళ్లకూ తెలుసు. కట్టేవాడు రంగులూ నీడలతో, దూరం పోయేకొద్దీ చిన్నబోయే గీతలతో బొమ్మ చూపకూడదు, అది చిత్రకారుడి పని, కట్టేవాడు నిజమైన కొలతల్లోనే చూపాలి అన్నాడు ఇటలీ వాస్తుశిల్పి అల్బెర్టి, 15వ శతాబ్దంలో. 1519 ప్రాంతంలో చిత్రకారుడు రఫేల్, రచయిత కాస్తిల్యోనె కలిసి పోప్ పదో లియోకు రాసిన ఉత్తరంలో దాన్ని మూడు ముక్కలు చేశారు: ప్లాను, బయటి గోడ, లోపలి గోడ. మూడూ ఒకే కొలతలో. నేడు మన పట్టణాల్లో ఇల్లు కట్టించుకునేవారికి రంగురంగుల త్రీడీ ఎలివేషన్ ఫ్లెక్సీ మీద వేసిస్తున్నారు, తాపీ మేస్త్రీకి మెట్ల సెక్షన్ మాత్రం ఇవ్వరు. అల్బెర్టి ఇప్పుడు పుట్టినా అదే మాట మళ్లీ రాసేవాడు.

ఆ కాలపు వాస్తుశిల్పి పెరుజ్జి ఒక్కడు మాత్రం ఉఫీజిలోని 2ఎ కాగితం మీద ఈ నియమాన్ని తెలివిగా దాటాడు. అదే సెయింట్ పీటర్స్‌ను పక్షి చూసినట్టు పైనుంచి చూపాడు. ముందుభాగంలో గోడలు నేలమట్టంగా తెగి ప్లానులా కనబడతాయి, వెనక్కి పోయేకొద్దీ అవే లేచి స్తంభాలూ కమానులూ అవుతాయి. ముగ్గు పోసిన చోటునుంచి ఇల్లు లేస్తున్నట్టుంటుంది. ఈసారి అరపేజీ ఇవ్వదలిస్తే దానికివ్వండి.

కొలతల సంగతి. రోమ్‌లో వాడింది పాల్మో, 22.3 సెంటీమీటర్లు. అంటే మన జానెడుకు వెంట్రుకవాసి తక్కువ. ఫ్లోరెన్స్ బ్రాచ్చో 58 సెంటీమీటర్ల పైచిలుకు, మన మూర కంటే బాగా పెద్దది. విచెంజా ఊళ్లో వాస్తుశిల్పి పల్లాదియో వాడిన అడుగు 35.7 సెంటీమీటర్లు. ఒకే అంకె మూడు ఊళ్లలో మూడు పొడవులు. అందుకే అనుభవమున్నవాళ్లు కాగితం మీదే కొలతగీత గీసి గళ్లు పెట్టేవారు. చెమ్మకు కాగితం సాగినా, ఎండకు ముడుచుకున్నా, మీ ప్రెస్సువాళ్లు బొమ్మను చిన్నది చేసినా, ఆ గీత కూడా బొమ్మతోపాటే సాగి ముడుచుకుంటుంది. "1:100" అని అంకెల్లో రాస్తే బొమ్మ చిన్నదైన క్షణాన అది అబద్ధమవుతుంది.

ఇదంతా ఇక్కడ ఎందుకంటే, కోనసీమలో మండువా లోగిళ్లు ఏటేటా పడిపోతున్నాయి. పడేముందు ఎవరో ఫోన్లో ఫొటోలు తీస్తారు. ఫొటోలో వాకిలి అందం ఉంటుంది, గోడ మందం ఉండదు. ఇద్దరు మనుషులు, 30 మీటర్ల టేపు, తూకపు గుండు, రసమట్టం, ఒక రోజు ఉంటే చాలు. మండువా నడుమ ఒక తాడు లాగి దాన్నే ఆధారం చేసుకోండి. ప్రతి గదికీ నాలుగు గోడలతోపాటు రెండు మూలల కర్ణాలూ కొలవాలి. పాత ఇళ్ల గదులు కంటికి చదరంగా ఉన్నా టేపుకి ఉండవు. వరసగా ఉన్న గుమ్మాలను ముక్కలు ముక్కలుగా కొలిచి కూడకండి. టేపు సున్నాను ఒకే మూల ఉంచి అన్నీ అక్కడినుంచే చదవండి. ముక్కకు అర సెంటీమీటరు తప్పినా పది గుమ్మాలకు అరచెయ్యి వెడల్పు దాకా పోగవ్వచ్చు. గోడ మందం గుమ్మం దగ్గర దొరుకుతుంది. మట్టిగోడ అడుగున లావు, పైన సన్నం కాబట్టి ఏ ఎత్తున కొలిచారో పక్కన రాయాలి. 12 మీటర్ల ఇల్లు 1:50లో 24 సెంటీమీటర్లు వస్తుంది, ఏ3 షీటుకు సరిపోతుంది. ద్రాక్షారామం ప్రాకారం లాంటివైతే 1:200కి దిగాలి. అక్కడి భీమేశ్వరాలయంలో, సామర్లకోటలో గర్భగుడి రెండంతస్తులు కాబట్టి ఒక్క ప్లాను చాలదు. కింద ఒకటి, పైన ఒకటి, నిలువుకోత ఒకటి కావాలి.

సగం ప్లాను గీసి ఊరుకోవడం ఇక్కడ పనికిరాదు. మండువా నాలుగువైపులా ఒకేలా కనిపించినా వంటిల్లు ఆగ్నేయంలో ఉంటుంది, ఒకపక్క వసారా తర్వాత కట్టింది అయి ఉంటుంది. రెండు సగాలూ కొలిచి, ఒకటేనని తేలాకే నడిమి గీత మీద "అటు ఇదే" అని రాసి సగం గీయవచ్చు. ఆ రెండు మాటలు రాయనందుకే 1ఎ మీద ఇంత రభస.

ఇళ్లలో ఉన్న పాత సిరా కాగితాల గురించి ఒక మాట. దస్తావేజులు, కరణం లెక్కలు, పాత నక్షాలు. చెమ్మ 80 శాతం దాటినప్పుడు సిరాలోని ఇనుము కదిలి పక్కకు పాకుతుంది, మన గాలిలో అది తరచు జరిగేదే. కాబట్టి ఇనప బీరువాను వానగోడకు ఆనించకండి. చిరుగులకు సెల్లోటేపు, కాగితాలకు ప్లాస్టిక్ లామినేషన్ రెండూ వద్దు, ఒకసారి వేస్తే మళ్లీ తీయడం కాదు. తడిగుడ్డతో మరక తుడవవద్దు. వరదనీళ్లలో తడిస్తే ఎండలో వెయ్యక, నీడలో అద్దుడు కాగితాల మధ్య పరచండి. మధ్యమధ్య పెట్టే కాగితం ఆమ్లం లేనిదై ఉండాలి. పాత దినపత్రికలు మాత్రం పెట్టకండి, మీ పత్రికతో సహా. న్యూస్‌ప్రింట్‌లోని ఆమ్లం దస్తావేజుకీ దిగుతుంది.

వచ్చే ఆదివారం ఆ సగం బొమ్మను సగంగానే, తెగిన గీత కనబడేలా, వెనకవైపు సంగాల్లో రాతతో కలిపి మళ్లీ వెయ్యమని మనవి. కింద "చర్మపత్రం మీద సిరా, నీటిపూత, సెయింట్ పీటర్స్ సగం ప్లాను, 1506 ప్రాంతం" అని రాస్తే సరిపోతుంది. మిగతా సగం చోటు ఖాళీగా వదిలెయ్యండి.

ఇట్లు,
కొందరు డ్రాయింగు మాస్టార్లు, సర్వే డ్రాఫ్ట్స్‌మెన్
అమలాపురం